ఒడ్డున నిలిచినవారు

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 16:25–34



గత వర్షాకాలములో ఒక గ్రామ సంఘమున ఆదివారపు ఆరాధన ముగిసి, జనులు చాపలు చుట్టుచున్న వేళ, ఒక యౌవనుడు కాపరిగారి యొద్దకు వచ్చి నిలిచెను. మేమును ఆ దినమున అచ్చటనే యుంటిమి. అతడు నాలుగేండ్లుగా ఆదివారము తప్పనివాడు. కీర్తనలకు డోలకు వాయించువాడు అతడే. పండుగకు మందిరమునకు సున్నము వేయువారిలో నిచ్చెన ఎక్కువాడును అతడే. అట్టివాడు తలవంచుకొని, "అయ్యగారూ, నాకు బాప్తిస్మం ఇవ్వండి. కాని సంఘం పుస్తకంలో నా పేరు మాత్రం రాయొద్దండి" అనెను.

ఎందుకని అడుగవలసిన అవసరము అక్కడనున్న వారిలో ఎవరికిని లేకపోయెను. అతని చేతిలో ప్లాస్టికు కవరులో కాగితములున్నవి. అందులో కుల ధ్రువపత్రమొకటి. ఆ పత్రముమీదనే అతని కాలేజీ సీటు, ఉపకార వేతనము, రేపటి ఉద్యోగపు ఆశ నిలిచియున్నవి.

పెద్దలలో ఒకరు, "రాయకపోతే ఏమిటి? పరలోకంలో దేవుడు రాసుకుంటాడులే" అనిరి. మరియొకరు, "పేరు చెప్పుకోలేనివాడికి నీళ్లెందుకయ్యా?" అనిరి. కాపరిగారు ఇద్దరికిని జవాబు చెప్పక, "నాయనా, ప్రార్థన చేద్దాం కూర్చో" అనిరి. ఆ దినమున మాట తెగలేదు. మేము బస్సెక్కి వచ్చితిమిగాని ఆ మాట మాతోకూడ వచ్చినది.

ఈ నెల మనము ధ్యానింపవలసినది ఆ మాటనే. హృదయములో నమ్మినవానికి నీళ్లతో ఏమి పని? నమ్మకము నమ్మకమే గదా, నలుగురి యెదుట మడుగులో దిగుట దానికి ఏమి కలుపును? ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ఏలయనగా సిలువమీద ప్రభువు ప్రక్కను వ్రేలాడిన దొంగకు బాప్తిస్మము లేదు. అతనికి మడుగును లేదు, బోధకుడును లేడు, పుస్తకమును లేదు. అయినను ప్రభువు అతనికి ఆ దినమే పరదైసును వాగ్దానము చేసెను. కాబట్టి నీళ్లు లేనివానిని రక్షించుటకు దేవుని చెయ్యి కురుచ కాదు. ఇది మొదట ఒప్పుకొననివాడు బాప్తిస్మమునుగూర్చి ఎంత చెప్పినను మంత్రజలమునుగూర్చి చెప్పినట్లే యుండును. మన పల్లెలలో కొందరు జబ్బుచేసిన బిడ్డకు తాయెత్తు కట్టించినట్లే బాప్తిస్మము ఇప్పింపవలెనని పరుగెత్తి వచ్చుట మేము చూచియున్నాము. ఆ తల్లుల ఆతురతను మేము పరిహసింపము. కాని నీళ్లకు ఆ శక్తి యున్నదని వారికి ఎవరును చెప్పియుండరాదు.

అయితే దొంగకు కాళ్లు చేతులు మేకులతో కొట్టబడియుండెను. మనకు అట్లు కాదు.

ఫిలిప్పీ చెరసాల నాయకుని చూడుడి. అతడు ప్రభుత్వ ఉద్యోగి. అర్ధరాత్రివేళ భూమి అదరి తలుపులు తెరచుకొనగా, ఖైదీలు పారిపోయిరనుకొని కత్తి దూసుకొన్నవాడు. ఖైదీ తప్పించుకొనినయెడల కావలివాని ప్రాణమే పోవు కాలమది. అట్టివాడు పౌలు సీలలు చెప్పిన వాక్యము విని, ఆ రాత్రియే, తన ఇంటివారందరితోకూడ బాప్తిస్మము పొందెను. తెల్లవారినతరువాత పై అధికారులు ఏమందురో, ఉద్యోగము నిలుచునో పోవునో విచారించి చూచెదనని అతడు ఆగలేదు. ఆ భాగములో మరియొక సంగతియున్నది. మనము దానిని త్వరగా చదివి దాటిపోవుచుందుము. అతడు బాప్తిస్మము పొందకముందు ఆ ఖైదీల దెబ్బలు కడిగెను. పగలు ఎవరి వీపులు బెత్తములతో చీల్చబడెనో, ఎవరి కాళ్లకు తానే బొండ బిగించెనో, వారి రక్తమును తన చేతులతో కడిగెను. తరువాత వారు అతనికి బాప్తిస్మమిచ్చిరి. తరువాత అతడు వారిని ఇంటికి తోడుకొనిపోయి భోజనము పెట్టెను. గాయము కడుగుట, బాప్తిస్మము, భోజనపు బల్ల: ఈ మూడును ఒకే రాత్రి, ఒకే ఇంటిలో జరిగినవి. వీటిని విడదీసి, మధ్యదానిని మాత్రము మందిరములో ఉంచుకొని, తక్కిన రెంటిని మరచినవారము మనము.

ఐతియొపీయుడైన నపుంసకుడును ఉద్యోగియే. కందాకే రాణి ధనాగారమంతటిమీద నియమింపబడినవాడు. త్రోవలో నీళ్లు కనబడగానే తనకు బాప్తిస్మమిచ్చుటకు అడ్డమేమున్నదని అతడే ఫిలిప్పును అడిగెను. ఫిలిప్పు అతని నడిగినట్లు లేదు. ఆ దినమున ఆ ఎడారి త్రోవలో అడ్డమేమియు లేకపోయెను. ఇద్దరును రథము దిగి నీళ్లలోనికి వెళ్లిరి. ఫిలిప్పును దిగెను గదా; బాప్తిస్మమిచ్చువాడు పొడిబట్టలతో గట్టున నిలిచి ఇచ్చునది కాదు. మన యౌవనుడును అదే ప్రశ్న అడుగుచున్నాడు. కాని అతని త్రోవలో అడ్డములున్నవి.

ఈ ఇద్దరికంటె ముందు యొర్దానులో ప్రభువే నిలిచెను. పాపము లేనివానికి పాపక్షమాపణ బాప్తిస్మముతో ఏమి పని యని యోహాను తడబడుట న్యాయమే. సుంకరులు, సిపాయిలు, పేరులేని జనులు నిలిచిన వరుసలో ఆయనయు నిలిచెను. నేను వీరిలోనివాడను కాను అని ఆయన అనగలిగియుండెను, అనలేదు. మా మట్టుకు, బాప్తిస్మపు అర్థము మొదట ఇక్కడనే తెలియుచున్నది. అది వరుసలో నిలుచుట. తాను ఎవరి పక్షమున ఉన్నాడో, ఎవరితో లెక్కింపబడుటకు ఒప్పుకొన్నాడో, దేహముతో చెప్పుట. తరువాత ఆయన తన శ్రమనే బాప్తిస్మమని పిలిచెను. కుడి ఎడమల ఆసనములడిగిన జెబెదయి కుమారులను, ఆ బాప్తిస్మము మీరు పొందగలరా యని అడిగెను. పౌలు రోమీయులకు వ్రాయుచు, నీళ్లలో దిగుటను క్రీస్తుతో సమాధిచేయబడుటగా చెప్పెను. సమాధికి రహస్యముగా పోవువాడెవడును లేడు. పల్లెలో పీనుగ లేచినదనగా ఊరంతయు చూచును.

బాప్తిస్మము అను మాట గ్రీకు మాటయే. మన తెలుగు బైబిలులోనికి అట్లే వచ్చినది. ముంచుట అని దాని మూలార్థము, గుడ్డను రంగులో ముంచుటకు వాడిన మాటకు అది చుట్టము. పెడనలో కలంకారీ పనివారు రంగు పట్టించిన గుడ్డను పారునీటిలో ఉతుకుదురు. పట్టనిరంగు నీటితో పోవును, పట్టినరంగు నిలుచును. ముంచవలెనా, చిలుకరింపవలెనా, శిశువులకు ఇయ్యవచ్చునా అను తర్కము మన సంఘములలో చాలకాలముగా నున్నది. ఈ పత్రిక చదువువారిలో ఇరుపక్షములవారును కలరు. దానిలోనికి మేము ఇప్పుడు పోము. చిన్నతనమున తలిదండ్రుల చేతులలో బాప్తిస్మము పొందినవారికిని, పెరిగి నడుములోతు నీళ్లలో దిగినవారికిని, రంగు నిలిచినదా అను ప్రశ్న ఒక్కటే.

నమ్మకము లోపల ఉంచుకొందును అనుట క్రొత్త మాట కాదు. అగస్తీను తన ఒప్పుకోళ్ల గ్రంథములో విక్టోరీనను ఒక పండితుని సంగతి వ్రాసియున్నాడు. అతడు నాలుగవ శతాబ్దములో రోమా పట్టణమున అలంకారశాస్త్రము నేర్పినవాడు. పెద్దపెద్దవారి కుమారులు అతని శిష్యులు. నగరములో అతనికి విగ్రహమును నిలిపియుండిరి. ముసలితనమున అతడు లేఖనములు చదివి నమ్మెను. సింప్లికియాను అను దైవసేవకునితో చాటున, నేను ఇదివరకే క్రైస్తవుడనని చెప్పుచుండెను. నిన్ను సంఘములో చూచువరకు నమ్మనని అతడు బదులు చెప్పుచుండెను. అందుకు పండితుడు నవ్వి, అయితే క్రైస్తవులను చేయునవి గోడలా అని అడుగుచుండెను. మన పెద్దలలో మొదటివారు అడిగినది ఇదే, మాటలే వేరు. ఆ పండితుని భయమంతయు తన గొప్ప స్నేహితులనుగూర్చినదని అగస్తీను దాచక వ్రాసెను.

కొంతకాలమునకు, మనుష్యుల యెదుట తన్నెరుగననువానిని ప్రభువు దూతల యెదుట ఎరుగననునను మాట అతని గుండెను పట్టుకొన్నది. ఒక దినమున అతడు అకస్మాత్తుగా, పద, సంఘమునకు పోదము అని లేచెను. ఆ కాలమున బాప్తిస్మము పొందువారు ఎత్తైన స్థలమున నిలిచి తమ విశ్వాసమును ఒప్పుకొనుట రోమా సంఘపు ఆచారము. సిగ్గుపడువారికి చాటున చెప్పుకొను అనుమతియు ఉండెను. సంఘ పెద్దలు అతని గౌరవము నెంచి, మీరు చాటుననే చెప్పవచ్చుననిరి. అతడు ఒప్పుకొనలేదు. అతడు పైకెక్కగానే ఎరిగినవారందరు సంతోషముతో ఒకరితోనొకరు అతని పేరు చెప్పుకొనసాగిరట. తరువాత 362వ సంవత్సరమున యూలియాను చక్రవర్తి, క్రైస్తవులు అట్టి విద్యలు నేర్పరాదని ఆజ్ఞ ఇచ్చెను. విక్టోరీను తన పాఠశాల విడిచిపెట్టెను. అతని జీవనోపాధి ఆ బాప్తిస్మమునకు మూల్యమాయెను.

అయితే అతడు వృద్ధుడు, కీర్తి గడించినవాడు. మన యౌవనుని వయస్సు ఇరువది నిండలేదు. విక్టోరీను కథ చెప్పి అతనిని సిగ్గుపరచుట మాకు న్యాయముగా తోచలేదు. కావున మన దేశమునకే, మన నదియొద్దకే రండి.

1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమున పడిన గొప్ప కరువును మన పెద్దలు ధాత కరువు అందురు. ఆ దినములలో ఒంగోలులో అమెరికన్ బాప్తిస్టు మిషను సేవకుడైన క్లౌ దొరగారుండిరి. ఆయన ఒంగోలులో కాపురముండ వచ్చినది 1866లో. కరువుపనిగా ప్రభుత్వము బకింగ్‌హాము కాలువ త్రవ్వించుచుండగా, ఆయన మూడున్నర మైళ్ల పనిని కంట్రాక్టు తీసికొని, ఆకలితో చచ్చుచున్న వేలమందికి కూలి దొరకునట్లు చేసెను. బోధకులే మేస్త్రీలైరి. పగలు మన్ను మోసినవారు సాయంత్రము వాక్యము వినిరి. చాలమంది బాప్తిస్మము కోరిరి.

ఆయన ఇయ్యలేదు. కరువుకూలి సాగినంతకాలము, ఏడాదికి మించి, ఒక్కరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. లెక్కలు చూపి గొప్పచేసికొనగోరు మిషనరీకి అంతకంటె మంచి అదను దొరకదు. అయినను, గింజలకొరకు వచ్చిరన్న మాట పడరాదనియు, వచ్చువారి మనస్సులోనే ఆ సందేహము మిగులరాదనియు ఆయన ఆగెను. క్రైస్తవులు బియ్యమునకు మతము మారిరని నేటికిని మనలను అనువారికి చెప్పవలసిన సంగతియే ఇది. కాని మేము దానిని వాదమునకు తెచ్చుట లేదు; మరియొక దానికి తెచ్చుచున్నాము.

1878 జూన్ నాటికి కూలిపని ముగిసెను. పంచుటకు ధనమును లేదు. అయినను జనులు వచ్చిరి. ఒంగోలుకు ఉత్తరమున, సుమారు పది మైళ్ల దూరమున, గుండ్లకమ్మ యొడ్డున వెలంపల్లిలో వేలమంది కూడిరి. తిరిగి పొమ్మని ఆయన చెప్పగా వారు పోలేదు. మాకు సహాయము వద్దు, మా చేతుల బొబ్బలు చూడుడి, మేము పనిచేసి బ్రతుకువారము. పంట పండక చచ్చినను క్రైస్తవులముగా చత్తుము అను భావముతో వారు బదులు చెప్పినట్లు క్లౌ దొరగారు తన జ్ఞాపకములలో తెలిపియున్నారు. జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది ఆ నదిలో బాప్తిస్మము పొందిరి. మూడు దినములకు 3,536 మంది. బాప్తిస్మమిచ్చినవారు అభిషేకము పొందిన ఆరుగురు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి, అలసినప్పుడు మారుచుండిరి. పట్టికలనుండి ఒక్కొక్క పేరు చదువబడుచుండెను.

ఆ పేర్లనుగూర్చి ఒక నిమిషము ఆలోచింపుడి. వారిలో ఎక్కువమంది మాదిగవారు. అంతకుముందు వారి పేరు ఎవరు గౌరవముతో పిలిచిరి? కూలి లెక్కకు, అప్పు లెక్కకు, వెట్టికి పిలిచిరి. నదియొడ్డున, పట్టపగలు, వేలమంది వినుచుండగా, ఒక్కొక్కరిని పేరుపెట్టి పిలిచి తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామమునకు జతచేసిరి. వారికి పుస్తకములో పేరెక్కుట భయము కాదు, అది వారి జీవితములో మొదటి గౌరవము. నేడు ఆ పుస్తకమునకే వారి మునిమనుమలు భయపడుచున్నారు! ఇది ఎట్లు జరిగినది?

ఆనాడును నష్టము లేకపోలేదు. అంతకు పదేండ్లకు ముందే తాళ్లకొండపాడు ప్రాంతమున, ఎఱ్ఱగుంట్ల పేరయ్యగారి సాక్ష్యమువలన నమ్మిన తొలి విశ్వాసులు చచ్చిన పశువుల మాంసము మానిరి, ఆదివారము పని మానిరి, జాతరలకు డప్పు కొట్టుట మానిరి. గ్రామపెద్దలు కోపగించిరి. వారికి బావులు, అంగళ్లు మూసిరి, పనులు ఆపిరి. అట్లని ఆ విశ్వాసులు బాప్తిస్మమును దాచుకొనలేదు. వారు మనకంటె ధైర్యవంతులనుట సులభము. కాని వారికి మరియొకటి యుండెను. ఒక ఇంటికి కూలి పోయినయెడల పదిళ్లవారు కలిసి గంజి పంచుకొనిరి. పల్లె పల్లెయే కలిసి దిగినందున, ఒడ్డున నిలిచినవారును తడిసినవారే. ఒంటరిగా దిగినవారు కొద్దిమందే.

ఇప్పటి సంగతికి వత్తము. 1950 ఆగస్టు 10వ తేదీన వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందూ మతమును అవలంబించువారే షెడ్యూల్డు కులములవారుగా ఎంచబడిరి. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ హక్కు చేర్చబడినది. క్రైస్తవులకు చేర్చబడలేదు. గిరిజన విశ్వాసులకు ఇట్టి నిషేధము లేదు. షెడ్యూల్డు తెగలకు మతము అడ్డు కాదు. మన రాష్ట్రములో షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతులలో సి గ్రూపుగా ఎంచి, నూటికి ఒక పాలు రిజర్వేషను ఇచ్చిరి. 2007లో రంగనాథ మిశ్రా కమిషను మతమునుబట్టి ఈ హక్కును నిర్ణయింపరాదని సిఫారసు చేసినది. 2022లో న్యాయమూర్తి బాలకృష్ణన్ గారి అధ్యక్షతన మరియొక కమిషను నియమింపబడినది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభయు దళిత క్రైస్తవులకు ఈ హక్కు కావలెనని తీర్మానించినది. బాప్తిస్మము పొందినంతమాత్రమున ఊరిలో అంటరానితనము పోలేదు. హోటలులో వేరు గ్లాసు పెట్టిన దినములలో బాప్తిస్మ పత్రము చూచి ఎవరును గ్లాసు మార్చలేదు. కావున ఈ నియమము అన్యాయమని మేము తలంచుచున్నాము, బహిరంగముగా చెప్పుచున్నాము, దాని మార్పుకొరకు సంఘములు న్యాయమార్గమున అడుగుట ధర్మమని నమ్ముచున్నాము.

అయినను నియమము అన్యాయమైనదని అబద్ధము నిజమగునా? ఇక్కడ మేము చాలకాలము తడబడితిమి. ఆదివారము ఒక పేరు, కార్యాలయములో ఒక పేరు; బైబిలులో ఒక సంతకము, దరఖాస్తులో ఒక సంతకము. రెండు పేర్లతో బ్రదుకువాని హృదయము మెల్లగా రెండగును. మొదట కాగితముమీద దాచిన దానిని తరువాత కూలిపనిలో దాచును, తరువాత పెండ్లిలో దాచును, కడపట తన బిడ్డలకే చెప్పుటకు నోరురాదు. ఇట్టి కుటుంబములను మేమెరుగుదుము. వారు చెడ్డవారు కారు. ఇంటిలో ప్రార్థన చేయుదురు. అయితే మూడవ తరమువారికి ఆ ప్రార్థన ఎవరికి చేయబడుచున్నదో తెలియదు. కావున, పుస్తకములో వ్రాయక చాటున బాప్తిస్మమిమ్మనుట మంచిదని మేము చెప్పజాలము. నీళ్లలో దిగుట వరుసలో నిలుచుటయైనయెడల, కనబడని వరుస వరుస కాదు.

ఇంతవరకు చెప్పి ఆగినయెడల రెండవ పెద్దగారి మాటనే మేమును చెప్పినవారమగుదుము. పేరు చెప్పుకొనలేనివానికి నీళ్లెందుకని. ఆ మాటలో సత్యమున్నది. కాని అది ఎవరి నోట వచ్చినది? ఆ పెద్దగారికి నాలుగెకరముల మాగాణి యున్నది, కుమారునికి మిషను సంస్థలో ఉద్యోగమున్నది. ఆయనకు బాప్తిస్మము ఏమియు ఖర్చు కాలేదు. పైపెచ్చు దానివలననే ఆ ఉద్యోగము వచ్చినది. మేమును ఆయన వరుసలోనివారమే. మా తాతలు నష్టపడి దిగిరి, మేము లాభపడి కూర్చుంటిమి. నష్టము ఎరుగనివాడు నష్టపడుమని ఇంకొకనికి చెప్పునప్పుడు, ఆ మాట వాక్యానుసారమైనను, వినువానికి రాయివలె తగులును.

గలతీయులకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయములో యూదుడని గ్రీసుదేశస్థుడని, దాసుడని స్వతంత్రుడని భేదము లేదను వచనమును మనమందరము ఎరుగుదుము. సభలలో బ్యానర్లమీద వ్రాసికొందుము. దానికి ముందున్న వచనము బాప్తిస్మమునుగూర్చినది. క్రీస్తులోనికి బాప్తిస్మము పొందినవారు క్రీస్తును వస్త్రమువలె ధరించుకొన్నారని పౌలు చెప్పి, అందువలన భేదము లేదని చెప్పెను. ముందుమాటను కత్తిరించి వెనుకమాటను గోడకు కట్టుకొన్నాము. ఒకే విధమైన నీళ్లలో దిగినవారి మనుమలు ఒకే ఊరిలో మాలపల్లెలో ఒక మందిరము, మాదిగపల్లెలో ఒక మందిరము కట్టుకొని, ఒకరి బిడ్డను ఒకరికి ఇయ్యక, స్మశానములోను గట్టు వేసికొని యుండుట చూచుచునే యున్నాము. ఇట్టి సంఘములోనికి ఆ యౌవనుని రమ్మని పిలుచుచున్నాము. అతడు తన ధ్రువపత్రము విడిచి రావలెను. మనము మన గట్టు విడువము! అది న్యాయమేనా?

బాప్తిస్మపు ప్రమాణములలో అభ్యర్థిని అడుగు ప్రశ్నలు మనకు కంఠస్థము. సాతానును వాని క్రియలను విసర్జించుచున్నావా? విసర్జించుచున్నాను. అనేక సంఘములలో సంఘస్థులనుకూడ ఒక ప్రశ్న అడుగుదురు: ఈ సహోదరుని మీరు చేర్చుకొని, విశ్వాసములో పోషింతురా యని. అప్పుడు మనము వెనుకనున్న పిల్లలను సద్దుచేయకుడని గద్దించుచు, పరాకుగా, చేర్చుకొందుమని ఏకస్వరముతో పలుకుదుము. ఆ మాటకు వెల కట్టినవారెవరు? దిగినవాని ప్రమాణమును సంవత్సరములతరబడి పరీక్షింతుము, తప్పినచో బల్లనుండి ఆపుదుము. ఒడ్డున నిలిచినవారి ప్రమాణమును ఎవరును పరీక్షింపరు. పెంతెకొస్తు దినమున మూడువేలమంది బాప్తిస్మము పొందిన వెంటనే లూకా వ్రాసినది ఏమి? వారు ఉమ్మడిగా ఉంచుకొనిరనియు, ఎవని అక్కరకొలది వానికి పంచిరనియు వ్రాసెను. యెరూషలేములో నమ్మినవారికి నష్టము కలిగియుండును. అయినను, నష్టము వచ్చినచో ఎక్కడ తినవలెనను ప్రశ్నకు జవాబు వారి కన్నుల యెదుటనే బల్లమీద ఉండెను.

క్లౌ దొరగారు గింజలున్నంతకాలము నీళ్లను ఆపెను, గింజలకొరకు రారాదని. మేము నేర్చుకొనిన దేమనగా, నీళ్లలో దిగినతరువాత గింజలు లేకుండ పోవునని ఎరిగియు చేతులు కట్టుకొని చూచుట, గింజలు చూపి పిలుచుటకంటె చిన్న తప్పు కాదు.

కార్తికమాసములో మేము మరల ఆ గ్రామమునకు పోతిమి. ఆ యౌవనుడు వెనుక చాపమీదనే యుండెను. డోలకు అతనిదే. ప్రభురాత్రి భోజన సంస్కారపు పళ్లెము అతని దగ్గరకు వచ్చినప్పుడు రెండు చేతులతో అందుకొని, తాను తీసికొనక, ప్రక్కవానికి అందించెను. అది చూచుట మాకు కష్టమాయెను. ఆరాధనయైన తరువాత పెద్దల కూటము జరిగెను. అతని సంగతి మరల లేచెను. ఇచ్చుటా మానుటా అని మునుపటివలె రెండు పక్షములు మాటలాడుచుండగా, గుమ్మము ప్రక్కను కూర్చున్న ఒక వృద్ధురాలు లేచెను. కలుపు తీసి బ్రతుకునట్టి విధవరాలు. పిడికెడు బియ్యపు సంచులను ఇంటింట పోగుచేయునది ఆమెయే. "అయ్యగారూ, ఆ పిల్లాడికి కాలేజీకి ఏడాదికి ఎంతవుతుందో ఎవరైనా అడిగారా?" అనెను.

ఎవరును అడుగలేదు. కాపరిగారు అతనిని లోపలికి పిలిచిరి. అతడు కవరు తెరచి కాగితములు చాపమీద పరచెను. పెద్దలు కండ్లజోళ్లు పెట్టుకొని వంగిరి. నాలుగెకరముల మాగాణిగల పెద్దగారు మొదటి కాగితము చేతికి తీసికొని అంకెలు పైకి చదువసాగిరి. వృద్ధురాలు సంచి ఒడిలో పెట్టుకొని వినుచుండెను. మాకు బస్సు వేళయైనందున మేము లేచితిమిగాని, వారు ఇంకను లెక్క వేయుచునే యుండిరి.